కొండెక్కిన జ్యోతి

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అనంతగిరి కొండ మీద నుంచి మీ అందరికీ వందనాలు! నా గొంతు పోయిన ఆ వానాకాలం తలచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోతుంది. పొద్దున్నే లేచి మా ఆయన్ని పిలుద్దామని నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక చప్పుడు వచ్చింది గానీ మాట రాలేదు. మా ఆయన సుందరరావు ముందు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు, పెళ్ళయ్యాక మొదటిసారి ఇల్లు నిశ్శబ్దంగా ఉందని! తర్వాత నా మొహం చూసి కంగారుపడి, బస్సెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరుగారు గొంతులోకి గొట్టం దించి చూసి, లోపల చిన్న గడ్డ ఉందమ్మా, ముక్క తీసి పరీక్షకు పంపుతున్నాం, నువ్వు మాత్రం మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు అన్నారు. నేను నర్సుని, ముక్క పరీక్షకు పంపడమంటే ఏమిటో నాకు తెలుసు! ఎంతోమందికి ధైర్యం చెప్పి అదే ఆసుపత్రికి పంపించినదాన్ని, ఆ ధైర్యంలో చెంచాడు కూడా నా కోసం మిగుల్చుకోలేదు.

నా చదువు గురించి అడక్కండి. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇద్దరికీ గుర్తులేదు. తర్వాత ఎవరో పుణ్యాత్ములు ప్రైవేటుగా పదో తరగతి కట్టిస్తే అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఏఎన్ఎం ట్రైనింగు పూర్తిచేసి, మా కొండలకే నర్సునై తిరిగొచ్చాను. ఆ రోజులు ఎంత బాగుండేవో! మా ఊళ్ళకు రోడ్డు లేదు, ఫోను లేదు, టీకాల పెట్టె భుజాన తగిలించుకుని ఊరి పైనున్న మలుపులో నిలబడి, "సూదమ్మొచ్చిందర్రో! గుంటల్ని అట్టుకురండర్రో!" అని కేక వేసేదాన్ని. సూది వేసే అమ్మ కాబట్టి దీవెన అన్న నా పేరు పోయి సూదమ్మ అయింది. అవతలి కొండ మీద నుంచి ఎవరో ఒకరు "వత్తన్నామో!" అని బదులు పలికేవారు. తల్లులు బయలుదేరేసరికి పిల్లలు పచ్చగా పూసిన వలిసె చేలో దూరిపోయేవారు. ఆ కేక నా ఉద్యోగం, నా మైకు, నా ఆస్తి. అదే పోయింది.

అది పోయిన సమయం కూడా చూడండి! నాకు రెండు సంఘాలు. ఒకటి దేవుని సంఘం, గుడి ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగగానే పోగయ్యేది. రెండోది మా నర్సుల సంఘం, టీ బిస్కట్లు వస్తే గానీ పోగవనిది. అంతకు ముందు ఏడాది మా తోటి నర్సు లిల్లీ ఒక్కతే గెడ్డ, అదే మా కొండవాగు, దాటుతూ కాలు విరిగి, పశువులు కాసేవాళ్ళు చూసేదాకా వానలో రాళ్ళ మీదే పడి ఉంది. ఆ కాలు ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తుంది. నాకు కడుపు మండిపోయి సంఘం మీటింగులో లేచి, యేసు ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడే, మా ఆఫీసు మాత్రం ఒక్కొక్కరినే పంపుతుంది, ప్రభువు కంటే ఆఫీసుకు ఎక్కువ తెలుసా అని అడిగాను. అందరూ నవ్వి, చప్పట్లు కొట్టి, "అయితే ఈసారి ప్రెసిడెంటుగా నువ్వే నిలబడవే" అన్నారు. నిలబడ్డాను. వానల్లో గెడ్డ దాటే ఊళ్ళకు నర్సులను జంటగా పంపాలి, అదొక్కటే నా కోరిక.

నా మీద నిలబడింది జ్యోతి సిస్టరు. సాలూరు ఆవిడ, పెద్ద స్టాఫ్ నర్సు, ఎప్పటినుంచో ఆవిడే ప్రెసిడెంటు, చీర మడత నలగకుండా డ్యూటీ చేస్తుంది. నా నోరు ఊరుకుంటుందా! వెళ్ళినచోటల్లా, "జ్యోతి సిస్టరు మన ఊళ్ళకు ఎందుకు రాదో తెలుసా, జ్యోతి కొండెక్కితే ఆరిపోయినట్టే కదా!" అని నవ్వించాను. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు కదా మరి! ఆ మాట నాకంటే ముందే ఊళ్ళు తిరిగింది. సరిగ్గా అప్పుడే నా గొంతు కొండెక్కింది.

ఆ ఆదివారం మా గుడిలో నా కోసం ప్రార్థన పెట్టారు. పాస్టరుగారు అప్పుడే మా కొండకు కొత్తగా వచ్చిన కుర్రాయన, నా మీద నిలబడినావిడ పేరు ఆయనకు తెలియదు. కళ్ళు మూసుకుని చేతులెత్తి, "ప్రభువా, ఈ ఎన్నికలో చీకటి ఓడిపోవాలి! జ్యోతి గెలవాలి! జ్యోతిని గెలిపించు తండ్రీ!" అని కొండ దద్దరిల్లేలా ప్రార్థించారు. కాదు కాదని రెండు చేతులూ ఊపాను. నామీద ఆత్మ దిగిందనుకుని సంఘమంతా ఇంకా గట్టిగా "ఆమేన్!" అన్నారు. గుడి అయ్యాక మా ఆయన సంగతి చెబితే పాస్టరుగారు తలపట్టుకున్నారు గానీ, ముందు వరసలో కూర్చునే దాసమ్మ మామ్మ అప్పటికే కర్ర పొడుచుకుంటూ గెడ్డ అవతల కొండ పైనున్న తన ఊరికి వెళ్ళిపోయింది. ఆవిడకు తెలుగు సగమే వచ్చు, విశ్వాసం మాత్రం నిండుగా ఉంది. పాస్టరు చెప్పిన పేరు పట్టుకుని రోజూ తెల్లవారుజామున అదే ప్రార్థన!

నేను మాత్రం మా కాఫీ మొక్కల మధ్య మోకాళ్ళూని పెదవులు కదపకుండా ఏడ్చాను. "తండ్రీ, నాకు చదువు నేదు, ఎత్తు నేదు, నోరొక్కటే ఇచ్చావు, అదీ తీసేసుకుంటే ఇంక నాకాడ ఏటుంది? నన్ను బతికించు. బతికించకపోయినా లిల్లీనాటోళ్ళని ఒంటరిగా గెడ్డ దాటనియ్యకు."

ఎన్నిక రోజు వచ్చింది, పరీక్ష ఫలితం రాలేదు. పోటీ చేసేవాళ్ళు ఓట్లకు ముందు మాట్లాడాలని మా సంఘం రివాజు. నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడి నోరు తెరిచాను, ట్యూబులోంచి గాలి! నన్ను చూసి నవ్వడానికి అలవాటుపడ్డవాళ్ళు ఆ రోజు నవ్వలేక తలలు దించుకున్నారు. అప్పుడు సహోదరులారా, జ్యోతి సిస్టరు కుర్చీలోంచి లేచి, నా పక్కకు వచ్చి, "ఏటే దీవెనా, కొండలు దద్దరిల్లగొట్టేదానివి! నా సెవిలో సెప్పు, నాను సెప్తాను" అంది. మోషేకు నోరు తిరగకపోతే అతని బదులు మాట్లాడ్డానికి దేవుడు అహరోనును పంపాడని చదివాను గానీ, ఆ అహరోను సాలూరు నుంచి, అదీ నా మీద పోటీ చేసి వస్తాడని అనుకోలేదు!

గుసగుస కూడా వద్దన్న డాక్టరుగారు ఈ పత్రిక చదవరని నమ్ముతూ చెబుతున్నాను, ఆవిడ చెవిలో ఊదాను. లిల్లీ సంగతి, గెడ్డ సంగతి, ఇద్దరిద్దరిగా పంపడం, అన్నీ ఆవిడ ఒక్క మాట పోనివ్వకుండా చెప్పింది. నా అల్లరి చూడండి, అలవాటు కొద్దీ ఆ జోకు కూడా ఊదేశాను! ఆవిడ నావైపు చూసి, మైకులో చెప్పేసింది: "జ్యోతి కొండెక్కితే ఆరిపోద్దని దీవెన అంటంది." హాలు హాలంతా ఘొల్లుమంది, ఆవిడ కూడా నవ్వింది. నవ్వు ఆగాక, "ఇన్నాళ్ళూ నాను ఎక్కనేదు, నిజమే. గెలిసినా ఓడినా ఈ వానల్లోనే దీనితో కలిసి ఎక్కుతాను. ఆరిపోతానో నేదో మీరే సూద్దురు" అంది.

ఓట్లు లెక్కపెట్టారు. జ్యోతి గెలిచింది! మా గుడి సంఘం ప్రార్థనకు జవాబు అక్షరం పొల్లు పోకుండా వచ్చింది! నేను గెడ్డలా ఏడుస్తుంటే ఆవిడ నన్ను పక్కకు లాక్కుని, ఉపాధ్యక్షురాలిగా నేనే ఉండాలని పట్టుబట్టింది. ఆ వారమే ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. ఆవిడ మాట్లాడింది, నేను గుడ్లురిమాను, ఆ పని గొంతు లేకపోయినా చేయవచ్చు. గెడ్డ దాటే ఊళ్ళకు వానల్లో జంటగానే పంపుతామని ఒప్పుకున్నారు. కొద్ది రోజులకు పరీక్ష ఫలితం కూడా వచ్చింది. చెడ్డ జబ్బు కాదు! పార పట్టిన చేతికి కాయ కాసినట్టు, కేకలు పెట్టిన గొంతుకు కాయ కాసిందట, విశ్రాంతి ఇస్తే కరిగిపోతుందట! దేవునికే మహిమ!

మొదటి జంట మేమిద్దరమే. ముసురులో జారుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గెడ్డ దాటి, చీర మడతలన్నీ బురదై, ఆవిడ రొప్పుతూ ఊరి మలుపు దాకా ఎక్కింది. నాకింకా గొంతు లేదు. ఏమని పిలవాలో చెవిలో చెప్పాను. ఆవిడ కొంగు బిగించి, "సూదమ్మొచ్చిందర్రో!" అని కేకేసింది. అవతలి కొండ కాసేపు ఆలోచించి, గొంతు మారిందేమిటని కాబోలు, "వత్తన్నామో!" అని పలికింది. అందరికంటే ముందు కర్ర పొడుచుకుంటూ దాసమ్మ మామ్మ వచ్చింది. ఈవిడ పేరేమిటని అడిగింది. సిస్టరే జ్యోతి అని చెప్పగానే మామ్మ ఆవిడ బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "నువ్వేనేటే గుంటా! నీకోసం నా మోకాళ్ళు అరిగిపోయినాయే!" అంది. జ్యోతి సిస్టరు ఏమీ అర్థంకాక నా వైపు చూసింది. నాకు నవ్వాగలేదు, ఆ నవ్వులోనే చాన్నాళ్ళకు నా గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది.

ఇప్పుడు నాది కప్ప గొంతు, క్వయిరులో మగవాళ్ళ వరసలో నిలబెడుతున్నారు. ఊళ్ళకు రోడ్డు పడింది, ఫోనులో మెసేజి పెడితే తల్లులు వచ్చేస్తున్నారు, మలుపులో కేక వేసేవాళ్ళు లేరు. దాసమ్మ మామ్మ ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. జ్యోతి సిస్టరు రిటైరై సాలూరులో ఉంది, వానలు పడితే ఫోను చేసి, "ఒక్కదానివే ఎల్లకే" అంటుంది. నేను మాత్రం ఆ మలుపు దాటినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను, అవతలి కొండ పలుకుతుందేమోనని.

సహోదరులారా, మీలో ఎవరికైనా గొంతు పోయి ఉంటే, అడగడానికి మాటే రాకపోతే, అడిగినదానికి తప్పు జవాబు వచ్చిందని కుమిలిపోతుంటే, ఆయన్ని నమ్మండి. నన్ను గెలిపించమని అడగబోయి పేరు తప్పారు మావాళ్ళు, ఆయన మాత్రం తప్పలేదు. మా జ్యోతి కొండెక్కింది, ఆరిపోలేదు. ఆమేన్!