తడపని పట్టీ

మా ఇంట్లో దేవుడి తర్వాత నమ్మకం తాడు మీదే. మిర్యాలగూడలో మాకు రైసుమిల్లు ఉండేది. ఎద్దుబండి అయినా లారీ అయినా, బస్తాలు ఎత్తాక ఆఖరి ముడి మాత్రం ఇంటివాళ్లలో ఒకరు వేయాల్సిందే. అది మా తాత పెట్టిన రివాజు. ఇరవై నాలుగేళ్లకే ఆ పని నా చేతికొచ్చింది. నేను కట్టిన లోడు కోదాడ దాటి బెజవాడ దాకా పోయినా ఒక్క బస్తా జరిగేది కాదు. ఈ సంగతి అడిగినవాళ్లకు చెప్పేవాణ్ణి. అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పేవాణ్ణి.

డెబ్బైలలో ఒక ఏడు, వరి పొట్టకొచ్చే వేళకు కాలవ తూము షట్టరు బిగుసుకుపోయింది. అడుగున ఏదో మొద్దు అడ్డం పడిందన్నారు. ఎగువన మూడు నిలువుల లోతు నీళ్లు, దిగువన నెర్రెలిచ్చిన మళ్లు. మా ఈతగాళ్లు మునిగి చూశారు గానీ, మొద్దును కదిలించేంత సేపు ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాలేదు. చివరకు ఓవర్సీరు విశాఖపట్నం నుంచి ఒక డైవరును పిలిపించాడు.

ఆయన బస్సులో వచ్చాడు. ఆయన గాలి సిలిండరు బస్సు మీద కోళ్ల గంపల పక్కన వచ్చింది. ఆ సిలిండరు కట్టాల్సిన సహాయకుడు మాత్రం రాలేదు. సూర్యాపేటలో టీ తాగడానికి దిగాడట, బస్సు అతని కోసం ఆగలేదట. సముద్రంలో తప్పిపోని మనిషి సూర్యాపేట బస్టాండులో తప్పిపోయాడు.

"కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అండీ?" అని డైవరు అడిగాడు.

"మా సేటు ఉండంగ ఇంకొగరెందుకు సార్? ఆయన ముడేస్తే యముడు గూడ ఇప్పలేడు," అని మా హమాలీ మేస్త్రీ నన్ను చూపించాడు. నేను అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాను.

ఆయన నా ముందు పెట్టింది గాలి నింపుకునే జాకెట్టు. దాని వీపున ఒక గట్టి పలక, ఆ పలకకు వెడల్పాటి నైలాను పట్టీ. సిలిండరును పలకకు ఆనించి, చుట్టూ పట్టీ వేసి, బకిల్‌తో బిగించాలి. బస్తాలు కట్టిన చేతికి ఇదొక పనా అనుకున్నాను.

"ముందు పట్టీని బాగా నానబెట్టండి. తడిశాకే బిగించండి," అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది. తడిస్తే తాడు బిగుస్తుందని మా మిల్లు ఎలుకలకు కూడా తెలుసు. వానాకాలంలో జనపతాడును కాస్త వదులుగా కట్టకపోతే, తడిసి బిగిసి బస్తాలను కోసేస్తుంది. సముద్రం మనిషి నాకు తాడు గురించి చెప్పడమేమిటి? పొడి పట్టీనే చుట్టాను. నీళ్లలో ఎలాగూ బిగుస్తుంది కదా, బకిల్ విరుగుతుందేమోనని ఆఖరి గుంజు కూడా గుంజలేదు.

ఆయన కాళ్లకు రబ్బరు రెక్కలు తొడుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు: "తడిపారా?"

"తడిపిన."

జాకెట్టు మెడ పట్టుకుని ఎత్తి కుదిపాడు. సిలిండరు కదల్లేదు. ఆయన నడుముకు జనపతాడు కూడా నేనే కట్టాను. ఏమైనా అయితే దాన్ని లాగుతానని, వెంటనే పైకి గుంజమని చెప్పి దిగాడు. దామరచర్ల నుంచి సైకిళ్ల మీద వచ్చిన జనం కూడా గట్టున నిలబడి బుడగలు చూస్తున్నారు.

కాసేపటికి తాడు గట్టిగా కొట్టుకుంది. నలుగురం కలిసి గుంజాం. సిలిండరును చంకలో ఇరికించుకుని, నోట్లో ఉండాల్సిన గాలి గొట్టం లేకుండా, నీళ్లు కక్కుతూ తేలాడాయన. పట్టీ వదులై సిలిండరు కిందికి జారింది, దాంతో పాటు నోట్లోని గొట్టాన్నీ లాగేసింది.

"నైలాను తడిస్తే సాగుతుందండీ," అన్నాడు, దగ్గు మధ్యలో.

ఆయన నడుముకు నేను వేసిన ముడి మాత్రం తడిసి రాయిలా బిగిసింది. కొడవలితో కోయాల్సి వచ్చింది.

"సూసిన్రా! సేటు ముడి ఊడలే, మనిషి బతికిండు!" అని మేస్త్రీ కేకేశాడు. జనం నా వీపు తట్టారు. ఎవరో గోలీసోడా కొట్టి ఇచ్చారు. సిగ్గులేకుండా తాగాను కూడా. సగం తాగి సీసా పక్కన పెట్టేశాను. మనిషిని చంపబోయి మెప్పు పొందుతున్నాను.

వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. "అన్నా, నేను తడపలే. తడిపిన అని అబద్ధం చెప్పిన."

"తెలుసు. తడిపి కట్టింది అలా జారదు."

నన్ను ఒక్కటి కొడితే బాగుండుననిపించింది. ఆయన కొట్టలేదు. ఊపిరి కుదుటపడ్డాక, నీళ్లు కారుతున్న జాకెట్టును నా ముందుకు జరిపాడు.

"ఇప్పుడు తడిసింది. కట్టండి."

"నేనా?"

"ఇంకొకరికి ఇస్తే మళ్లీ మొదటి తప్పు నుంచి మొదలెడతారు."

కట్టాను. బలమంతా పెట్టి బిగించాను. జాకెట్టు ఎత్తి నేనే మూడుసార్లు కుదిపాను. ఆయన మాత్రం ఈసారి ఏమీ అడగకుండానే నీళ్లలోకి దిగాడు. అడిగి ఉంటే బాగుండేదని, మొద్దు తేలి, షట్టరు లేచి, ఆయన తల నీళ్ల పైన కనిపించేదాకా అనుకుంటూనే ఉన్నాను.