మిరప చేతులతో అంటించిన మీసం

నాకు రాక్షసరాజు వేషం ఇచ్చారన్న కబురు మొదట మోసుకొచ్చింది మా వీధిలో పాలు పోసే ఆవిడ. గిన్నెలోకి పాలు వంచుతూ, "ఏమ్మా, రాక్షసుడివంట గదా! చీమ కనపడితే పక్కకి తప్పుకుంటావు, నువ్వేం చంపుతావు జనాన్ని?" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికి వెళ్ళి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

ఆ మూడుసార్ల సంగతి చెప్పాలి. నాకు అనుమానపు జబ్బు ఉంది. గ్యాస్ కట్టేశానా, గడియ వేశానా, స్తోత్రంలో అక్షరం తప్పానా అని మనసు ఊరికే ఉండనివ్వదు. గుంటూరులో డాక్టరమ్మ దాన్ని ఓసీడీ అంటారని చెప్పి, మాత్రలు రాసి, "ఒకసారి చేసింది మళ్ళీ చెయ్యకండి. మనసు గింజుకుంటే గింజుకోనివ్వండి" అన్నారు. ఎన్నిసార్లు అడిగినా నాకు ధైర్యం చెప్పొద్దని మా అత్తగారికీ చెప్పారు. అత్తగారు ఆ మాట వ్రతంలా పట్టారు. "అత్తయ్యగారూ, గ్యాస్ కట్టేశానంటారా?" అంటే మొహం అటు తిప్పుకుని చిక్కుడుకాయలు ఒలుచుకునేవారు.

శ్రీరామనవమి పందిట్లో నాటకం ఏటా మగవాళ్ళది. ఈసారి వాళ్ళంతా మిరప కల్లాల్లో తలమునకలుగా ఉంటే, మా భజన ఆడవాళ్ళం పూనుకున్నాం. నాటకం మా హార్మోనియం మాస్టారు సొంతంగా రాసిందే. రాక్షసరాజుగా అనుకున్న ఆరడుగుల అక్కకి కాయలకి తొడిమలు తీసీ తీసీ ఆ ఘాటుకి గొంతు పోయింది. పద్యాలు పాడగలిగినదాన్ని నేనే మిగిలాను. నేను బడికి వెళ్ళలేదు. గుడిలో అర్చకత్వం చేసే మా నాన్న ఇంట్లోనే నాకు అక్షరాలూ పద్యాలూ నేర్పారు. ఆ భిక్ష ఆయనదే.

కానీ జబ్బు ముదిరినప్పుడు భజనలో ఒక్క నామం దగ్గర ఇరుక్కుపోయేదాన్ని. సరిగా పలకలేదేమోనని మళ్ళీ, మళ్ళీ. తాళాలు ఆగిపోయి అందరూ నన్నే చూసేవారు. ఏడాదిపాటు అటు వెళ్ళడమే మానేసి, ఈమధ్యే మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఊరందరి ముందు పద్యంలో ఇరుక్కున్నానంటే, మళ్ళీ గడప దాటే ధైర్యం నాకు ఉండదు. అదీ నా భయం.

ఆ సాయంత్రం మావారి పట్టుపంచె కట్టి, పొట్టకి దిండు బిగించి, కర్రకి ప్లాస్టిక్ బిందె తగిలించి గద అన్నారు. గొంతు పోయిన అక్క పనిలోంచి తిన్నగా వచ్చి, జిగురు పూసి నాకు మీసం అంటించింది. నిమిషంలో పెదవి భగ్గుమంది.

"అక్కా, చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా గదే," అంది బొంగురుగా.

"సబ్బుతోనా?"

"నీళ్ళతో. మిరపకారం సబ్బుకి మాత్రం పోద్దా? ఈ ఊళ్ళో పుట్టి కారానికి ఏడుస్తావేందే!"

ఇన్నేళ్ళుగా చేతుల గురించి నేను పడ్డ అనుమానాల్లో నిజమైంది ఇదొక్కటే. మొహం కడుక్కుందామని లేచేలోపు తెర తీసేశారు.

కళ్ళు నిప్పుల్లా ఎర్రబడి, నీళ్ళు ధారకట్టి, ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళి నిలబడ్డాను. కల్లాల నుంచి తొంగిచూడ్డానికి వచ్చిన వాళ్ళలో ఒకడు, "ఒరేయ్, ఆ కళ్ళు చూడరా! అసలు రాక్షసుడేరా!" అని అరిచాడు. ప్రవేశ పద్యం ఎత్తుకున్నాను. మూడో పాదంలో ఒక మాట తప్పానేమోనని లోపల పురుగు తొలిచింది. తొలవనిచ్చాను. రాగం తీసి ముగించాను.

"వన్స్‌మోర్!" అని పందిరంతా ఒకటే కేక.

మా వైపు పద్యం నచ్చితే అలా అడుగుతారు, పాడినవాళ్ళు మళ్ళీ పాడాలి. అది మర్యాద. మాస్టారు అప్పుడే హార్మోనియం మీద మొదటి స్వరం నొక్కేశారు కూడా. నా మనసు ఎగిరి గంతేసింది. ఊరే అనుమతి ఇస్తోంది, ఆ మూడో పాదం దిద్దుకోవచ్చు! కానీ రెండోసారి పాడితే మూడోసారీ కావాలి, ఆ తర్వాత నన్ను ఆపేవాళ్ళుండరు. ముందు వరసలో చాప మీద ఉన్న అత్తగారి వైపు చూశాను. ఆవిడ మొహం అటు తిప్పుకున్నారు.

గద ఎత్తాను. "కుదరదు! రాక్షసరాజు పద్యం ఒకసారే! రెండోసారి అడిగినవాడి నాలుక కోయిస్తా!"

పందిరి బిత్తరపోయింది. తర్వాత ఈలలు. "ఏందమ్మో, ఒక్క పద్యానికే అంత పొగరా!" అన్నాడొక ముసలాయన మురిసిపోతూ. మాస్టారు నవ్వాపుకోలేక స్వరం తప్పి, తరవాతి పాటలోకి దూకారు. ఆ అరుపుకి సగం మీసం ఊడి గడ్డం మీదికి వేలాడింది. ఒక వేలితో దాన్ని అదిమిపట్టుకుని లోకాలన్నీ గెలిచాను. చివర్లో దేవుడి పాదాల మీద పడి పశ్చాత్తాపంతో ఏడవాలి. అందుకు నటన అవసరం పడలేదు.

నాటకం అయ్యాక అత్తగారు నా పెదవికి వెన్న రాశారు. "మూడో పాదం తప్పానా అత్తయ్యగారూ?" అని అడిగాను. "నోరు కదపకు, వెన్న కారుతుంది" అన్నారు.

తప్పానో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, మొన్న కూడా తాళం చూడ్డానికి సగం దారి నుంచి వెనక్కి వచ్చాను. అయినా శనివారం భజనకి వెళ్తున్నాను, దేవుడి దయ. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా అత్తగారిని తలచుకోండి. వచ్చే వారం ఆవిడకి మోకాలి ఆపరేషన్. ఆవిడకీ భయంగానే ఉంది, పైకి చెప్పరు.