ఫైలంటే దారమట

ఫైలు అనే మాటకు పుట్టిల్లు దారమట. పూర్వం దొరల దేశంలో కాగితాలు చెదిరిపోకుండా దారానికి గుచ్చి వేలాడదీసేవారట. లాటిన్‌లో దారానికి ఉన్న పేరే నోళ్లు మారి ఫైలు అయిందట. నిఘంటువులో ఈ ముక్క చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా చిన్నమ్మను ఆ దారంతోనే ఏడేళ్లు కట్టిపడేశాం.

పూతలపట్టులో మా ఇంట్లోనూ అలాంటి ఫైలుండేది. వసారా దూలానికి వేలాడే వంకర ఇనుప తీగ. కరెంటు బిల్లు మొదలు పెళ్లిపత్రిక దాకా ఏ కాగితం వచ్చినా నాయన దానికి గుచ్చేవాడు. చావుకబురు ఉత్తరం మాత్రం గుచ్చకూడదు. చదివిన చేత్తోనే చింపి వీధిలో పారేసి, తలకు నీళ్లు పోసుకోవాలి. ఇంట్లో ఉంచితే ఇంకో చావును పిలిచినట్టేనని మావాళ్ల నమ్మకం.

డెబ్బైల్లో సంగతి. చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు. ఆమె మొగుడు, మా చిన్నాయన, చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసులో ప్యూను. సెలవు పెట్టి ఒక్కడే కాశీకి బయల్దేరాడు. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. రైల్లో పరిచయమైన ఒక అరవాయన రాశాడు. దారిలో వాంతులూ భేదులూ పట్టుకుని ఏదో ఊరి ఆసుపత్రిలో పోయాడని, దహనం కూడా అక్కడే అయిపోయిందని. వేలూరు బేరాల పుణ్యమా అని నాయనకు అరవం చదవడం వచ్చు. పైకి చదివి నాలుగు ముక్కలు చేశాడు. అందరం ఏడుస్తూ బావి దగ్గరికి పోయాం.

కర్మలు జరిగాయి. పిల్లల్లేని చిన్నమ్మ మా ఇంటికే వచ్చేసింది. అక్క పంచన పడి ఉండకుండా తన కూడు తాను తినాలని ఆమె పట్టుదల. మొగుడి ఉద్యోగం తనకిమ్మని అర్జీ పెట్టింది. ఆ ఊరి నుంచి మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఏ ఊరు? ఒక్కరికీ గుర్తులేదు. పేరు చివర 'పూర్' అని ఉన్నట్టు నాయనకు లీలగా జ్ఞాపకం. ఉత్తరాదిన పూర్ లేని ఊళ్లెన్ని?

అర్జీ తీసుకున్న ఆఫీసు గుమాస్తా మంచివాడే, అదే మా ఖర్మ. నాయనను పక్కకు పిలిచి ఉపాయం చెప్పాడు.

"సచ్చిపోయినాడంటే కాగితం కావల్లప్పా. కనపడకుండా పోయినాడని రాయించు, ఏడేండ్లకు సచ్చినట్టే లెక్క."

అలాగే రాయించాం. చిన్నమ్మ వేలిముద్ర వేసింది.

మేము దాన్ని ఉపాయం అనుకున్నాం. ఆమెకు అది ఆశ అయింది. సర్కారే బతికున్నాడంటుంటే ఆ అరవాయన ఇంకెవరినో చూసి పొరబడి ఉండకూడదా అని అమ్మతో వాదించేది. ఆబ్దికం పెట్టనివ్వలేదు. బతికున్నవాడికి పిండాలేమిటని అడిగింది. చిత్తూరు బస్సు ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి అరుగు మీదికి వచ్చేది. కుండలో రోజూ గరిటెడు అన్నం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అమ్మ కొన్నాళ్లు తిట్టింది, తర్వాత తిట్టడమూ మానేసింది. నాకు చిన్నమ్మను చూస్తే జాలి, మావాళ్లను చూస్తే కోపం. చచ్చినవాడిని చావనివ్వని తెలివి ఎందుకు?

ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి నత్తనడక నడిచి, ఎనభైల్లో ఒకరోజు ఆర్డరు వచ్చింది. నాయన పండగ మొహంతో వీధిలోంచే చదువుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్లుగా జాడ తెలియనందున మరణించినట్లే భావించి, ఆయన ఉద్యోగాన్ని భార్యకు ఇస్తున్నారట. అమ్మ కొబ్బరికాయ కోసం లోపలికి పరిగెత్తింది.

చిన్నమ్మ గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. ఉత్తరం వచ్చిన రోజున కూడా ఆమె అంత ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని నాయన వైపు చూసింది.

"ఇన్నేండ్లు ఆయన్ని బతికించి పెట్టినావు గదా బావా. ఈ పొద్దు నువ్వే సంపినావు."

నాయన ఆర్డరును దూలం తీగకు గుచ్చబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.