సార్లొచ్చిన రోజు ఫినాయిల్ వాసన

ఆ రోజుల్లో నల్లకోటు వేసుకుంటే చాలు, లోకమంతా పక్కకు జరిగి దారి ఇస్తుందని గట్టిగా నమ్మేవాణ్ణి. దారి ఇచ్చిన మాట నిజమే గానీ, పలకరించినవాళ్లు మాత్రం లేరు. నాచారంలో ఒంటిగది, ఉప్పల్ నుంచి కోర్టుకు మెట్రోలో నిలువుకాళ్ల ప్రయాణం, రోజుకు నాలుగు మాటలు మాట్లాడే సీనియర్ (అందులో మూడు ‘ఫైలు ఎక్కడ పెట్టావ్’). భూమి తగాదాల్లో మునిగితేలే తోటి జూనియర్లు నాకు ‘మోరీ వకీలు’ అని పేరు పెట్టారు. నా చేతికొచ్చిన మొదటి కేసు మోరీదే, అంటే మురుగు కాలువదే మరి.

నాచారం ఫ్యాక్టరీల వెనుక ఓ చిన్న బస్తీ. ఒక రంగుల ఫ్యాక్టరీ గొట్టంలోంచి వదిలే నీళ్లు వాళ్ల మోరీలోకి వచ్చి, భూమిలోకి ఇంకి, బోరులోంచి పచ్చగా పైకి వచ్చేవి. పిల్లల ఒంటినిండా దద్దుర్లు. ఆ గొట్టం మూయించి, బస్తీకి మంచినీళ్ల నల్లా ఇప్పించమని మా పిటిషన్. సంతకాల కోసం ఇంటింటికీ తిరిగితే (కోటు చూసి, ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చాననుకుని సగం మంది తలుపులేసుకున్నారు) మొదట సంతకం పెట్టింది పెద్దమ్మ. బస్తీ అంతా అలాగే పిలిచేది, నేనూ పిలిచాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం కేసు పేరు చెప్పి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. చెప్పడానికి కేసులో ఏమీ ఉండేది కాదు. ఇంత పట్నంలో నాకూ ఒక ఇల్లుందని మురిసిపోవడానికి వెళ్లేవాణ్ణి.

అధికారులు వెళ్లి తనిఖీ చేయాలని కోర్టు ఆదేశించిన రోజు గాల్లో తేలుతూ పోయి బస్తీలో చాటింపు వేశాను.

“రేపు పెద్ద సార్లు వస్తున్నరు పెద్దమ్మా. అందరు ఇంటికాడనే ఉండాలె, మంచిగ జూస్కోవాలె.”

మంచిగానే చూసుకున్నారు. మరునాడు సార్లతో వెళ్లేసరికి గడపగడపకీ ముగ్గు, మోరీ పొడుగునా బ్లీచింగ్ పౌడరు, గుప్పుమని ఫినాయిల్ వాసన. (ఓ క్షణం ఏదో పెద్ద దవాఖానాకు వచ్చామనిపించింది.) ఒక సారు బోరు నీళ్లు తెమ్మన్నారు. పెద్దమ్మ తళతళలాడే చెంబుతో తెచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఆయన సీసాలో పోసుకుని, నావైపు జాలిగా చూశారు. నేను నోరు తెరిచేలోపే అందరూ జీపెక్కేశారు.

“ఇవేం నీళ్లు పెద్దమ్మా?”

“ట్యాంకరువి. పొద్దుగాల్నే పట్టి పెట్టినం. ఇంటికొచ్చినోళ్లకు గా పచ్చనీళ్లిస్తమా వకీల్ సాబ్? మా ఇజ్జత్ ఏం గావాలె?”

“గా నీళ్లు సూడనీకే గదా వచ్చిన్రు!”

“మీరు మొదటిసారి వచ్చిన్నాడు గూడ గిట్లనే చేసినం. ఇప్పటికి మీకు ట్యాంకరు నీళ్లే. మీకు తెల్వదు.”

ఆ మాటతో కేసు బాధ కాసేపు పక్కకు పోయింది. ఇన్ని ఆదివారాలూ ఆ ఇంటికి నేను మర్యాద చేయాల్సిన పరాయివాణ్ణే అన్నమాట. ఆ సాయంత్రం లాలాపేట దాకా ఊరికే నడిచి, తిరిగొచ్చి, గది తాళం తీయబుద్ధి కాక మెట్లమీద కూర్చున్నాను. చాలా ఏడుపొచ్చింది.

నివేదికలో ‘దుర్వాసన లేదు, నీరు తేట’ అని వచ్చింది. సీనియర్ ఆ రోజు ఏకంగా అయిదో మాట కూడా మాట్లాడారు. అది ఇక్కడ రాయలేను. ఎంతో బతిమాలితే కోర్టు రెండో తనిఖీకి ఒప్పుకుంది. ఈసారి బస్తీలో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ జుట్టు విరబోసుకుని అంట్ల మధ్య కూర్చుని ఉండగా సార్లతో దిగాను. మోరీ కంపుకు సార్లు జేబురుమాళ్లు వెతుక్కున్నారు. బోరు కొట్టగానే సీసా పచ్చబడింది. పెద్దమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

గొట్టం మూసేశారు, నల్లా వచ్చింది. అన్నాళ్లూ ఆ ఇంటివైపు వెళ్లే ధైర్యం లేకపోయింది. చివరికో ఆదివారం ఆర్డరు కాగితం పట్టుకుని వెళ్లి గడప బయటే నిలబడ్డాను. ఆమె కాగితం వంక చూడనైనా లేదు.

“నలుగురి ముందట ఇజ్జత్ తీస్తివి గదరా,” అంది. మళ్లీ తనే, “ఏం నిలబడ్డవ్? గీ చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యి. దూపైతే గాడ బిందెల నీళ్లున్నయి, ముంచుకో,” అంటూ చేట నా ముందుకు తోసింది.

కోటు విప్పి కూర్చుని, ఒక్కో కాయనూ ఎంత నెమ్మదిగా ఒలిచానో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు నాకూ జూనియర్లున్నారు. ఏ బస్తీకి వెళ్లినా నా చేతికి సీల్ తీయని నీళ్ల సీసా ఇస్తారు, చల్లగా. పెద్దమ్మ తర్వాత మాత్రం ఎవరూ నాకు ఇంట్లో పని చెప్పలేదు.