చిరగని పేర్లు

ఒంటారియోలో మా ఊరి మంచు హాకీ జట్టుకి స్కేట్లు పదునుపెట్టే లోర్న్ పెష్కోకి వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏటా జూన్‌లో, జట్టులోంచి తీసేసినవాళ్ల పేర్లతో ఆఫీసు నుంచి చీటీ వస్తుంది. ఆటగాళ్ల అరల మీద అంటించిన ఆ పేర్ల పట్టీలకు జుట్టు ఆరబెట్టే మిషను పట్టి, జిగురు కరిగాక మెల్లగా ఊడదీస్తాడు. ఈసారి చీటీలో ఏడేళ్లుగా ఆడుతున్న డేరిల్ పేరుంది. ఆ మధ్యాహ్నమే అతను ఈలవేసుకుంటూ వచ్చాడు.

"మోకాలు నయమైపోయిందిరా ముసలోడా! నా స్కేట్లకి పదునుపెట్టు."

ఆఫీసువాళ్లు ఇంకా చెప్పలేదన్నమాట. లోర్న్ మామూలుకంటే రెట్టింపుసేపు పదునుపెట్టి, స్కేట్లు చేతికిచ్చాడు.

"ఇంటికి పట్టుకెళ్లు."

జట్టులో ఉన్నవాడి స్కేట్లు వేసవంతా ఆ అరల గది దాటవు. ఈల ఆగిపోయింది.

"నా పేరు నేనే తీసుకుంటాలే" అంటూ డేరిల్ తన అర మీది పట్టీని ఒక్క లాగు లాగాడు. అది నడిమికి చిరిగింది. ముప్పయ్యేళ్లలో లోర్న్ చేతిలో ఒక్క పేరూ చిరగలేదు.