ఎర్ర గీత వైపు జరిపిన మీట

మా చిన్నప్పుడు, అంటే నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు... పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో జోరువాన. మా పాత తెల్లకారు వెనక సీట్లో ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను. నాన్న ఇంజన్ ఆపకుండా మందుల షాపులోకి వెళ్లారు. యూనిఫాం తడిసి ముద్దయింది. ఏసీ గాలికి వణుకు పుడుతోంది...

ఒళ్లో కాన్వెంటు లైబ్రరీ పుస్తకం. అందులో పిల్లలు మంచు కురిసే ఊళ్లో కారెక్కి, హీటర్ పెట్టుకుని, చేతులు వెచ్చబెట్టుకుంటారు.

మా కారులోనూ హీటర్ ఉంది. ఏసీ స్విచ్చి పక్కనే చిన్న మీట... ఒక చివర నీలం గీత, ఇంకో చివర ఎర్ర గీత. కారు ఓడ దిగిన రోజు నుంచి ఆ మీట నీలం దగ్గరే ఉంది. మా దీవుల్లో హీటర్‌తో ఎవరికి పని?

ముందు సీట్లోకి వంగి దాన్ని ఎర్ర గీత వైపు లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగితే కిర్రుమంటూ జరిగింది. దుమ్ము వాసనతో వెచ్చటి గాలి... ఒక్క నిమిషం హాయిగా ఉంది.

నాన్న రావడం చూసి మీటను గట్టిగా వెనక్కి తోశాను. లోపల ఎక్కడో టక్‌మంది. మీట ఊడబోయే పన్నులా వదులైపోయింది. గాలి మాత్రం వెచ్చగానే వస్తోంది.

"ఏసీకి ఏమైంది?" అన్నారు నాన్న.

నేను పుస్తకం తెరిచాను.

ఆ తర్వాత రెండు వారాలు, తుష్నాబాద్‌లోని మా ఇంటి నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా అద్దాలు దించుకునే ప్రయాణం. వాన పడితే అదీ లేదు. అమ్మ విసనకర్ర వెంట తెచ్చుకుని, "ఇది కారా, ఇడ్లీపాత్రా అండీ?" అనేది. నా వీపు మీద చెమటకాయలకు పౌడరు రాస్తూ "పాపం పిల్ల" అనేది... ఆ మాటే ఎక్కువ మండేది.

మా కారు బాగుచేసేది అప్పలరాజు అంకుల్. చాతం దగ్గర ఆయనకు చిన్న రేకుల షెడ్డు. పని అయ్యేదాకా నాన్న అక్కడే బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆయనతో కబుర్లాడేవారు. నన్ను ఆయన "బుక్కు పాప" అనేవారు. అంతకు నెల ముందు ఏసీలో గ్యాస్ నింపింది కూడా ఆయనే... అందుకే నాన్న అనుమానమంతా ఆయన మీదే.

ఆదివారం కారు తీసుకెళ్లాం. ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో పైపునూ ముట్టి చూశారు.

"ఇటు రండి సార్. ఇది ముట్టండి... ఠండా ఉంది కదా, సెమట పట్టింది. మతలబ్ ఏసీ ఠీక్ ఉంది. ఇప్పుడిది సూడండి... అరే, మెల్లగా, సెయ్యి కాల్తాది! ఇది హీటర్ పైపు. బంద్ ఉంటే ఇంత వేడి రాదు. ఏసీ సల్లదనమంతా ఈ హీటరే తినేస్తంది."

తర్వాత డ్యాష్‌బోర్డు కింద దూరి టార్చి వేసి చూశారు. మీటను హీటర్ వాల్వుతో కలిపే తీగ క్లిప్పులోంచి ఊడి వేలాడుతోంది. పైన మీట నీలం దగ్గర, లోపల వాల్వు మాత్రం బార్లా తెరిచి... అందుకే ఎవరికీ అర్థం కాలేదు.

"హీటర్ ఎవలు తిప్పారు సార్?"

నాన్న కోపంగా నవ్వారు. "పోర్ట్ బ్లెయిర్‌లో హీటరా? మా ఇంట్లో ఎవరికైనా పిచ్చా? నెల కిందట దీనిలో చేతులు పెట్టింది నువ్వే కదయ్యా!"

"గ్యాస్ బయట్నుంచి ఎక్కిస్తాం సార్. లోపలికి సెయ్యే పెట్టనేదు. జోర్ చేసి తోస్తేగానీ ఇది ఊడదు..."

అని ఆగిపోయారు. ఆయన కళ్లు పైనున్న అద్దం మీద పడ్డాయి. అద్దంలో వెనక సీటు... నేను, పేజీ తిప్పని నా పుస్తకం.

ఆ చూపులో కోపం లేదు. చెబుతావా అని అడిగినట్టుంది. నేను తల వంచుకున్నాను.

"అయ్యుంటాది సార్," అన్నారాయన చివరికి. "నా సెయ్యే తగిలుంటాది. గల్తీ హో గయా."

ఐదు నిమిషాల్లో తీగ బిగించారు. చల్లగాలి వచ్చింది. నాన్న బకెట్ మీద కూర్చోలేదు.

మళ్లీ ఆ షెడ్డుకు వెళ్లలేదు కూడా. ఆఫీసులో ఎవరి కారు ప్రస్తావన వచ్చినా, "అప్పలరాజు చేతికి మాత్రం ఇవ్వకండి" అనేవారు. ఆ ఆఫీసువాళ్లలో కొందరు నిజంగానే ఆయన దగ్గరికి వెళ్లడం మానేశారు. ఆ సంగతి నాన్న ఇంట్లో చెప్పగా విన్న ప్రతిసారీ నా చేతిలో ఏదో ఒక పుస్తకం ఉండేది... చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఏడాది మోరల్ సైన్సులో నాకే ఫస్టు మార్కు.

పోయిన నెల చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ కోసం నిలబడి ఉంటే వెనకనుంచి పిలుపు. "బుక్కు పాపా! ఇంకా సదువుతూనే ఉన్నావా?" ఆయన జుట్టంతా నెరిసింది. "సార్ ఎలాగున్నారు? బండి బాగా నడుస్తందా?" అన్నారు.

కారు ఎప్పుడో అమ్మేశామని చెప్పాను. అంతే చెప్పాను. ఫెర్రీ వచ్చింది.

ఇంటికి రాగానే నాన్నకు అంతా చెప్పేశాను. "ఆదివారం ఇద్దరం వెళ్దాం," అన్నారు. మూడు ఆదివారాలు గడిచాయి... ఒకసారి వాన అన్నారు నాన్న. ఒకసారి తలనొప్పి అన్నాను నేను. మూడోసారి ఇద్దరం ఏమీ అనలేదు.

ఇప్పటి కార్లలో లోపం ఎక్కడుందో తెర మీద కనిపిస్తుందట... మా పాత కారుకు ఆ వసతి లేదు. ఎవరో ఒకరు నోరు తెరవాలి.

మీ చిన్నతనంలో మీ బదులు మాట పడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత వాళ్లను కలిశారా... మాట ఎలా మొదలుపెట్టారో రాయండి. నాకు ఆ మొదటి వాక్యం కావాలి.

రేపు ఆదివారం.