సీలు చూసి పెట్టిన కాపలా

నస్రత్‌కి మనుషులంటే పడదు. మా కోల్డ్ స్టోరేజీలో ఆమెతో నవ్వుతూ మాట్లాడినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు, నాతో సహా. నేను కాటా దగ్గర కూర్చుని మిర్చి బస్తాలు తూస్తాను. ఆమె ఆఫీసు వెనక చిన్నగదిలో సర్వర్ చూసుకుంటుంది. ప్రత్తిపాడు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి తలుపు వేసుకుంటుంది. ఎవడైనా తలుపు తడితే "ఏంటి?" అంటుంది చూడండి, ఆ ఒక్క మాటకే సగంమంది వచ్చిన పని మర్చిపోతారు.

ఆ కోపానికి మూలం పత్తి. ఆమె పదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న, తెలిసినవాడే కదా అని ఒకడి దగ్గర లూజు విత్తనాలు కొన్నాడు. చేను నడుమెత్తు ఎదిగింది గానీ కాయ పట్టలేదు. అప్పటినుంచీ సీలూ లేబులూ లేనిదేదీ ఆ ఇంటి గడప తొక్కలేదట. మనుషులకి సీళ్ళుండవు కాబట్టి వాళ్ళనీ నమ్మడం మానేసినట్టుంది.

రైతు తన బస్తాలు ఏ గదిలో ఉన్నాయో ఫోన్లో చూసుకోడానికి మాకో వెబ్‌సైట్ ఉంది. మొన్న జనవరిలో ఎవడో అందులో జొరబడ్డాడు. బస్తాల పేజీ తెరిస్తే పేకాట ప్రకటనలు! ఓనరు అంకమ్మరావుగారు ముఠా కూలీలందరి ముందూ నస్రత్‌ని కడిగేశారు. "ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికే" అన్నారు. పక్కనే ఉన్న గుమాస్తా బుల్లయ్య ఊరుకోవచ్చుగా! "ముప్ఫయ్యేళ్ళు పుస్తకంలో రాశాను. అందులోకి ఏ దొంగా దూరలేదండీ" అన్నాడు. నస్రత్ అతనివైపు చూసిన చూపుకి పచ్చిగడ్డి భగ్గుమనేది.

వెబ్ ఫైర్‌వాల్ లైబ్రరీ ఒకటి పెడతానంది. సైటుకి వచ్చే ప్రతి మాటనీ వాకిట్లోనే సోదా చేసే కాపలా అన్నమాట. వినుకొండలో కంప్యూటర్ల షాపాయన పెన్‌డ్రైవ్‌లో ఊరికే తెచ్చిస్తాడని ఓనరు చెప్పారు.

"లూజు సరుకు నా సర్వర్లో పెట్టనండీ. సిస్టమ్‌కి సొంత ప్యాకేజీ మేనేజర్ ఉంది. లైసెన్సున్న కొట్టులాంటిది. సంతకం సరిచూస్తుంది, కావలసిన తోడు సరుకంతా అదే తెస్తుంది" అంది.

మార్చిలో ఒక సోమవారం, దాన్ని తెమ్మని కీబోర్డు మీద ఒక్క లైను కొట్టింది. రెండు నిమిషాల్లో పనైపోయింది.

మంగళవారం బయట పద్నాలుగు లారీలు నిలిచిపోయాయి. బుల్లయ్య సైటులోకి బస్తాల వివరాలు ఎక్కిస్తుంటే స్క్రీను 'అనుమతి లేదు' అంటోంది. మార్చి ఎండ, మిర్చి ఘాటు, లారీవాళ్ళ బూతులు. "నీ కాపలా కుక్క నన్నే కరుస్తోందే అమ్మాయ్!" అని బుల్లయ్య కేకలేశాడు.

నస్రత్ ఫైర్‌వాల్ రాసుకున్న చిట్టా తీసింది. మొహంలో మొదటిసారి సంతోషం చూశాను. అది నాకు నచ్చలేదు.

"ఒక్క పూటలో నాలుగొందల దాడులండీ. అన్నీ ఈ కుర్చీలోంచే. జనవరిలో తలుపు తీసిందెవరో ఇప్పుడు తెలిసిందా?" అని అందరికీ వినపడేలా చెప్పింది.

"నేనా? దొంగనా?" అన్నాడు బుల్లయ్య. ఓనరు అతన్ని అప్పటికప్పుడే ఇంటికి పంపేశారు. ఆ మనిషి కళ్ళజోడు కూడా బల్లమీదే మర్చిపోయి గేటు దాటాడు. నేను కాటా దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నామీద నాకే రోత.

బుధవారం ఆ కుర్చీలో నస్రతే కూర్చోవాల్సొచ్చింది. బుల్లయ్య ముందు పుస్తకంలో రాసి, దాన్నే ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ఆమె ఆ పుస్తకం ముందు పెట్టుకుని అలాగే కొట్టింది. మొదటి బస్తాకి రైతు పేరు, ఊరు. రెండో బస్తాకి పుస్తకంలో ఉన్నది --"-- అంతే. పై లైనే కింద కూడా అని గుమాస్తాలు తరతరాలుగా పెట్టే డిటో గుర్తు. నలభై బస్తాల రైతుకి ముప్ఫైతొమ్మిది డిటోలు. అదీ కొట్టింది.

'అనుమతి లేదు.'

చిట్టా తీసి చూసింది. దాడి, ఈ కుర్చీలోంచే. వివరాలన్నీ దాచే డేటాబేస్ తాళం తీయడానికి దొంగలు వాడే మారుతాళం కూడా అచ్చం అలాగే ఉంటుందట, ఒక కోట్ గుర్తు, వెనకే రెండు గీతలు.

నస్రత్ లేచి ఓనరు దగ్గరికెళ్ళి, "బుల్లయ్యగారు దొంగ కాదండీ. తప్పు నాది. ఫైర్‌వాల్‌ని మొదట కొన్నాళ్ళు ఊరికే చూడనివ్వాలి, ఎవర్నీ ఆపనివ్వకూడదు అని దాంతో వచ్చిన సూచనల్లోనే ఉంది. నేను మొదటిరోజే ఆపమన్నాను" అంది. సీలు చూసింది గానీ, ప్యాకెట్టు వెనక రాసింది చదవలేదు.

"గుట్టుగా సరిచేసుకో. ఇప్పుడు వాణ్ణి పిలిస్తే నా పరువేం కాను?" అన్నారాయన.

ఆమె తిన్నగా బుల్లయ్య ఇంటికెళ్ళింది, కళ్ళజోడు పట్టుకుని. అతను లోపలికి రమ్మనలేదు. "నలుగురిలో అన్నావు. నలుగురిలోనే చెప్పు" అన్నాడట.

గురువారం పొద్దున లారీల మధ్య నిలబడి, ముఠావాళ్ళందరి ముందూ చెప్పింది. ఒక్క ముక్క మింగలేదు. మావాళ్ళు జాలిపడ్డారా? లేదు. ఒకడు ఈల కూడా వేశాడు. ఓనరు ఆ నెలంతా ఆమెతో మాట్లాడలేదు.

అందరూ విన్నాక ఓనరు ఇక అడ్డు చెప్పలేదు, బుల్లయ్య వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పేరు, ఊరు. రెండో బస్తాకీ పేరు, ఊరు, పూర్తిగా. మూడో దానికీ అంతే. నస్రత్ వెనకాల నిలబడి చూసింది.

"డిటో పెట్టుకోవచ్చు బుల్లయ్యగారూ. ఈ ఫారం వరకూ ఆ నిబంధన తీసేశాను. ఇక ఆపదు" అంది.

అతను తలెత్తలేదు.

"నన్ను దొంగని చేసిన గుర్తు నాకెందుకమ్మా" అని నాలుగో బస్తాకి పేరు మొదలుపెట్టాడు.